దెబ్బ తగిలిన రోజు నుంచి పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు (పీపీఓ) దాకా: సైనికుల డిసేబిలిటీ పెన్షన్‌కు సమగ్ర మార్గదర్శి

పదిహేడేళ్ళు నౌకరీ చేసి, నడుము నొప్పితోనో బీపీతోనో ఇంటికొచ్చిన హవల్దారు డిసేబిలిటీ పెన్షన్ అడిగితే రికార్డు ఆఫీసు (సైనికుల సర్వీసు కాయితాలుండే కార్యాలయం) నుంచి తరచుగా వచ్చే జవాబు ఒక్క వాక్యంలో ఉంటుంది: జబ్బు నౌకరీ వల్ల వచ్చినదీ కాదు, నౌకరీ వల్ల పెరిగినదీ కాదు. ఫౌజులో దీన్ని పొట్టిగా 'నానా' అంటారు. ఆ నాలుగక్షరాల ఇంగ్లిష్ ముద్ర పడ్డాక దాన్ని చెరిపించడానికి నల్లగొండ నుంచి చెన్నైలోని సైనిక ట్రిబ్యునల్ దాకా తిరగాల్సి వస్తుంది. ఆ ముద్ర పడేది మెడికల్ బోర్డు, అంటే పరీక్షించే సైనిక డాక్టర్ల బృందం, గదిలోనే అయినా, దానికి కారణం చాలాసార్లు ఐదారేళ్ళ కిందట ఎవరూ రాయని ఒక కాయితం. అందుకే ఈ మార్గదర్శి బోర్డు నుంచి కాక దెబ్బ తగిలిన రోజు నుంచి మొదలవుతుంది.

మొత్తం వ్యవహారం మూడు ప్రశ్నల మీద నడుస్తుంది. జబ్బుకు నౌకరీతో సంబంధం ఉందా? అంగవైకల్యం ఎంత శాతం? మనిషి ఏ పద్ధతిలో బయటికొచ్చాడు, అంటే గడువు పూర్తయిందా, తానే అడిగి వచ్చాడా, పనికిరాడని పంపేశారా? చాలామంది శక్తినంతా రెండో ప్రశ్న మీదే పెడతారు. 30 శాతం రాస్తారా, 40 రాస్తారా అని మథనపడతారు. మొదటి ప్రశ్నకు 'లేదు' అని జవాబు పడితే 60 శాతం రాసినా డిసేబిలిటీ పెన్షన్ పైసా రాదు.

దెబ్బ తగిలిన నాడు

గాయమైతే రెండు కాయితాలు పుట్టాలి. ఒకటి ఎంఐ రూమ్‌లోనో (యూనిట్‌లోని వైద్య గది) మిలిటరీ దవాఖానలోనో రాసే చికిత్స చిట్టా. రెండోది ఇంజురీ రిపోర్ట్, ఐఏఎఫ్‌వై-2006 అనే ఫారం. గాయం తేలికా, తీవ్రమా అన్నది డాక్టరు రాస్తాడు. ఆ సమయంలో మనిషి డ్యూటీలో ఉన్నాడా, తప్పు ఎవరిది అన్నది కమాండింగ్ ఆఫీసరు (సీఓ) రాసి సంతకం పెడతాడు. తీవ్రమైన గాయమైతే కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ కూడా జరగాలి. వాలీబాల్ ఆడుతూ మోకాలు తిరిగినా, పీటీలో చీలమండ మడతపడినా ఈ రిపోర్ట్ అవసరమే. యూనిట్ నడిపించే ఆటలు, పీటీ డ్యూటీ కిందికే వస్తాయి.

తప్పు జరిగేది ఇక్కడే. కుర్రవాడు మోకాలికి క్రేప్ బ్యాండేజీ చుట్టించుకుని, రెండు రోజులు 'అటెండ్ సి', అంటే డాక్టరు రాసే విశ్రాంతి, తీసుకుని మళ్ళీ పరేడ్‌కు వెళ్ళిపోతాడు. రిపోర్ట్ అడిగితే పిరికివాడనుకుంటారని మొహమాటం. నాలుగేళ్ళ తర్వాత ఎంఆర్ఐ తీస్తే లిగమెంటు తెగిందని తేలుతుంది. అప్పుడు బోర్డు అడిగే మొదటి మాట 'ఇంజురీ రిపోర్ట్ ఏది?' అప్పటికి యూనిట్ మూడు చోట్లకు మారి ఉంటుంది, నాటి సీఓ రిటైరై ఉంటాడు. ఆలస్యంగానైనా రిపోర్ట్ రాయించవచ్చు. కాని దానికి బలం నాటి ఎంఐ రూమ్ చిట్టా, అక్కడున్న ఇద్దరు తోటివాళ్ళ వాంగ్మూలం. ఏ దెబ్బనైనా మూడు రోజుల్లోగా కాయితం మీద పెట్టించుకోవడం అలవాటు చేసుకోవాలి. ఆ గడువు ఏ నియమంలోనూ లేదు. అంతకు మించితే సాక్షులు చెదిరిపోతారని మా లెక్క.

జబ్బుల సంగతి వేరు. బీపీ, షుగర్, డిస్క్, చెవుడు ఫలానా రోజున తగిలేవి కావు. వాటికి 'మొదట బయటపడిన తారీఖు, ఆ రోజు ఉన్న స్టేషన్' అన్న రెండు వివరాలే ఆయువుపట్టు. మొదటిసారి ఎక్కడ చూపించుకున్నారో అదే పుట్టుక స్థలంగా రికార్డులో నిలిచిపోతుంది. కాశ్మీర్‌లో ఏడాది పాటు తలనొప్పి భరించి, సెలవులో మహబూబ్‌నగర్‌లో ప్రైవేటు డాక్టరుకు చూపించుకుని, తర్వాత సికింద్రాబాద్ పోస్టింగులో మిలిటరీ దవాఖానకు వెళ్తే, రికార్డు ప్రకారం బీపీ శాంతి ప్రాంతంలో పుట్టినట్టే. ఫీల్డులో, అంటే సరిహద్దు లాంటి కఠిన ప్రాంతంలో, ఉన్నప్పుడే అక్కడి డాక్టరుకు చెప్పి, చిట్టాలో రాయించుకోవాలి.

కేటగిరీ తగ్గినప్పుడు

సైనికుడి ఆరోగ్యాన్ని ఐదు అక్షరాల 'షేప్' కొలతతో చూస్తారు. ఎస్ మనసుకు, హెచ్ వినికిడికి, ఏ చేతులు కాళ్ళకు, పి శరీర దారుఢ్యానికి, ఇ కంటిచూపుకు. అన్నిట్లో 1 ఉంటే షేప్-1, ఎక్కడికైనా పంపవచ్చు. ఏ అక్షరం పక్కనైనా 2 గాని 3 గాని పడితే లో మెడికల్ కేటగిరీ. 5 అంటే సైనిక సేవకు శాశ్వతంగా పనికిరాడని. తాత్కాలిక కేటగిరీని సాధారణంగా 24 వారాలకు ఇచ్చి మళ్ళీ చూస్తారు. శాశ్వత కేటగిరీ అయితే రెండేళ్ళకోసారి బోర్డు.

ఈ మధ్యలో వచ్చే ప్రతి బోర్డు కాయితంలోనూ నౌకరీతో సంబంధం గురించిన అభిప్రాయం రాస్తారు. మొదటి కేటగిరీ బోర్డు 'సంబంధం ఉంది' అని రాసి, చివరి బోర్డు 'లేదు' అంటే అప్పీలులో మీ చేతికి దొరికే పెద్ద ఆయుధం ఆ మొదటి కాయితమే. మొదటి బోర్డు 'లేదు' అని రాసినప్పుడు ఊరుకుంటే, ఆ తర్వాతివాళ్ళు దాన్నే నకలు రాసుకుంటూ పోతారు. ప్రతి బోర్డు తర్వాతా కాయితాల నకలు అడిగి తీసుకోండి. అడిగినా ఇవ్వకపోతే ఏం చేయాలో కిందకు వస్తుంది.

కేటగిరీ పడ్డాక యూనిట్‌లో రెండు రకాల సంతకాలు అడుగుతారు. కేటగిరీకి తగిన తేలిక డ్యూటీలో, అంటే షెల్టర్డ్ అపాయింట్‌మెంట్‌లో, కొనసాగడం ఇష్టమా కాదా అన్నది ఒకటి. ఆపరేషన్‌కు ఒప్పుకుంటున్నారా లేదా అన్నది రెండోది. ఇష్టం లేదని మొదటిదానిపై సంతకం పెడితే మీరే అడిగి వెళ్ళిపోయినట్టు రాసే ప్రమాదం ఉంది. 2006 జనవరి 1 తర్వాత ముందస్తుగా తానే అడిగి వచ్చినవారికి కూడా డిసేబిలిటీ ఎలిమెంట్ (పెన్షన్‌లో వైకల్యానికి ఇచ్చే భాగం) హక్కు వచ్చింది. అయినా పనికిరాడని బోర్డు పంపేసినవాడికి దక్కే లాభాలన్నీ వారికి దక్కవు. ఆపరేషన్ వద్దంటే ఎందుకు వద్దో ఒక వాక్యమైనా రాయండి. డాక్టరే ఫలితం ఖాయం కాదని చెప్పి ఉంటే ఆ మాటే రాయండి. కారణం లేని నిరాకరణ శాతాన్ని తగ్గిస్తుంది.

కేటగిరీ తగ్గిందన్న ఒక్క కారణంతో, సేవకు పనికిరాడో లేదో తేల్చే ఇన్వాలిడింగ్ మెడికల్ బోర్డు పెట్టకుండా సైనికుణ్ణి ఇంటికి పంపడం చెల్లదని సుప్రీంకోర్టు 2008లో రాజ్‌పాల్ సింగ్ కేసులో తేల్చింది.

బోర్డుకు ముందు కట్టాల్సిన కట్ట

కేటగిరీలో ఉన్నవాడు గడువు పూర్తయి వెళ్తుంటే జరిగేది రిలీజ్ మెడికల్ బోర్డు. మధ్యలోనే పంపేస్తుంటే ఇన్వాలిడింగ్ మెడికల్ బోర్డు. రెండింటికీ ఫారం ఒకటే, ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16. షేప్-1 ఉన్నవాళ్ళకు జరిగే మామూలు పరీక్ష ఫారం 18. మీకు నొప్పి ఉండి కూడా ఫారం 18 మీద 'నాకే ఇబ్బందీ లేదు' అని సంతకం పెట్టి బయటపడితే, తర్వాత నోరు మెదపడం కష్టం. డిశ్చార్జి సంబరంలో చాలామంది చేసే పని ఇదే. ఇంటికి త్వరగా పోదామని.

బోర్డు తారీఖు తెలిసిన వెంటనే ఒక్క అట్టలో ఇవి పెట్టండి. భర్తీనాటి మెడికల్ కాయితం నకలు. పోస్టింగుల పట్టిక, ప్రతి స్టేషన్‌కూ చేరిన తారీఖు, వదిలిన తారీఖు, అది ఫీల్డా, ఎత్తైన ప్రాంతమా, తీవ్రవాద వ్యతిరేక డ్యూటీయా, శాంతి ప్రాంతమా అన్నది. ఇంజురీ రిపోర్ట్, కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ అభిప్రాయం. దవాఖానల డిశ్చార్జి స్లిప్పులు వరసగా. పాత కేటగిరీ బోర్డులు. ఇటీవలి ఎంఆర్ఐ, ఆడియోగ్రామ్, ఎకో వంటివి. గుండె జబ్బయితే జబ్బు బయటపడటానికి ముందు 14 రోజుల డ్యూటీ చిట్టా తప్పనిసరి, యూనిట్ సంతకంతో. ఆ 14 రోజుల్లో గార్డు డ్యూటీ, ఎక్సర్‌సైజు, కాన్వాయ్ లాంటి ఒత్తిడి ఉందని చూపగలిగితే 'నౌకరీ వల్ల పెరిగింది' అనడానికి దారి తెరుచుకుంటుంది. క్లర్కు ఆ చిట్టాను 'రొటీన్ డ్యూటీస్' అని రెండు మాటల్లో రాసి పంపేస్తే దారి మూసుకుపోయినట్టే. హెడ్ క్లర్కు దగ్గర కూర్చుని రోజువారీగా రాయించండి.

ఫారం 16ను ఎలా నింపాలి

దీని మొదటి భాగం మీ సొంత వాంగ్మూలం. ఎక్కడెక్కడ పనిచేశారు, జబ్బు ఎప్పుడు ఎక్కడ మొదలైంది, ఎక్కడ చికిత్స చేయించుకున్నారు, నౌకరీలో చేరకముందు ఇలాంటిదేమైనా ఉండేదా, నౌకరీలోని ఏ సంఘటన వల్ల ఇది వచ్చిందని లేదా పెరిగిందని మీరనుకుంటున్నారు అన్న ప్రశ్నలుంటాయి. వీటిని క్లర్కు నింపి సంతకానికి తెస్తే, ఖాళీగా ఉన్నదాని మీదా, చదవనిదాని మీదా సంతకం పెట్టకండి. ఇంగ్లిష్ రాకపోతే చదివి చెప్పమని అడగండి. అందులో సిగ్గు లేదు.

చివరి ప్రశ్నకు 'తెలియదు' అనో 'లేదు' అనో రాసినవాళ్ళే ఎక్కువమంది నష్టపోతారు. అక్కడ రెండు మూడు వాక్యాలు ఇలా ఉండాలి: 'భర్తీలో షేప్-1. 2014 నుంచి 2017 వరకు ఫలానా ఎత్తైన ప్రాంతంలో బరువు మోసే డ్యూటీ. 2016 మార్చిలో అక్కడి ఎంఐ రూమ్‌లో నడుము నొప్పికి మొదటిసారి చికిత్స. 2018లో ఎంఆర్ఐలో డిస్క్ జారిందని తేలింది.' తారీఖు, చోటు, పని, చికిత్స. బాధను వర్ణిస్తూ పేజీ నింపితే డాక్టరుకు పనికొచ్చేది ఒక్క ముక్క కూడా ఉండదు.

చేరకముందు ఉండేదా అన్న ప్రశ్న దగ్గర మనవాళ్ళు అమాయకంగా దెబ్బతింటారు. 'మా బాపుకు కూడా షుగర్ ఉండె', 'మా మర్రిగూడ దిక్కు నీళ్ళే అసొంటివి, అందరికీ కీళ్ళ నొప్పులే' అని మాట వరసకు చెప్తారు. ఫ్లోరైడ్ నీళ్ళ సంగతి నల్లగొండ జిల్లాలో అందరికీ తెలిసిందే. కాని మీ ఎముకల ఫొటోలో ఫ్లోరోసిస్ ఉందని ఏ రేడియాలజిస్టూ రాయనప్పుడు, ఊరి నీళ్ళ ముచ్చట మీ జబ్బుకు ఇంటి దగ్గరి కారణాన్ని మీరే అందించినట్టు అవుతుంది. అబద్ధం చెప్పమని కాదు. అడిగినదానికి, మీకు డాక్టరు చెప్పినదానికి మాత్రమే జవాబివ్వండి.

మానసిక జబ్బుల్లో ఈ జాగ్రత్త ఇంటివాళ్ళకు ఇంకా ఎక్కువ అవసరం. యూనిట్ నుంచి ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-10 అనే నివేదిక వెళ్తుంది, మనిషి పనిలో ఎలా ఉండేవాడు, ప్రవర్తన ఎప్పటి నుంచి మారింది అని. దవాఖానలో భార్యనో తండ్రినో కూడా అడుగుతారు. 'చిన్నప్పటి సంది గింతే, జర కోపమెక్కువ' అన్న మాట చరిత్ర గడిలో 'చేరకముందు నుంచే ఉంది' అని మారిపోతుంది. కోపం వేరు, జబ్బు వేరు. చేరిన కొత్తలో ఎలా ఉండేవాడు, ఏ పోస్టింగు తర్వాత నిద్ర పోయింది, ఎప్పుడు మొదట డాక్టరు దగ్గరికి వెళ్ళాడు, ఇవి వరసగా చెప్పాలి.

రెండో భాగం సీఓది. మనిషి చేసిన డ్యూటీ ఏమిటి, పని పరిస్థితులేమిటి, జబ్బుకు నౌకరీతో సంబంధం ఉందని ఆయన అనుకుంటున్నారా అన్నది అక్కడ ఉంటుంది. బోర్డు దీన్ని ఒప్పుకోవాలన్న నియమం లేదు గాని, ట్రిబ్యునల్‌లో ఇది నిలబడే కాయితం. తర్వాతి భాగాల్లో స్పెషలిస్టు పరీక్ష, చివర్లో బోర్డు అభిప్రాయం. ముగ్గురు సభ్యులు సంతకం చేశాక పై వైద్యాధికారి ఆమోదించాలి.

ఆ చివరి భాగంలో ఒక్కో జబ్బుకూ ఎదురుగా మూడు గడులుంటాయి: నౌకరీ వల్ల వచ్చింది, నౌకరీ వల్ల పెరిగింది, సంబంధం లేదు. పక్కనే కారణం రాయాలి. మీరు కళ్ళద్దాలు పెట్టుకుని చదవాల్సిన చోటు ఇదే. 'శాంతి ప్రాంతంలో మొదలైంది, ఫీల్డు సేవకు దగ్గరి సంబంధం లేదు' అని రాస్తే పోస్టింగుల పట్టికతో ఖండించవచ్చు. 'కాన్‌స్టిట్యూషనల్' అని, అంటే శరీర తత్వం అని, ఒక్క మాట రాస్తే అది కారణం కిందికి రాదని ట్రిబ్యునల్లో వాదించవచ్చు. అసలేమీ రాయకపోతే ఇంకా మంచిది. కారణం చెప్పని బోర్డు అభిప్రాయాన్ని కొట్టేయడం సులభం.

చేరినప్పుడు కాయితంలో ఏ జబ్బూ రాయనప్పుడు, తర్వాత వచ్చింది నౌకరీ వల్లేనని అనుకోవాలి, కాదని నిరూపించే భారం సర్కారుది అని సుప్రీంకోర్టు 2013 జులైలో ధరమ్‌వీర్ సింగ్ కేసులో చెప్పింది. ఆ తీర్పు పెన్షన్ హక్కును తేల్చే 1982 ఎంటైటిల్‌మెంట్ నియమాల కిందిది. 2008లో వచ్చిన నియమాలు ఈ ఊహను అదే రూపంలో ఉంచలేదు, సర్కారు తరఫు వకీలు ఆ తేడానే ఎత్తిచూపుతాడు. అయినా ఆ తర్వాత బయటికొచ్చినవారి కేసుల్లోనూ ట్రిబ్యునళ్ళు ఈ తీర్పునే ఆధారం చేసుకుంటూ వచ్చాయి. భర్తీనాటి మెడికల్ కాయితం మొదటి వరసలో పెట్టమన్నది ఇందుకే.

సెలవులో దెబ్బ

ఇది ఎక్కువ గొడవలు తెచ్చే విషయం. సెలవు దొరికి, యూనిట్ నుంచి ఇంటికి వస్తున్న దారిలోనో, తిరిగి వెళ్తున్న దారిలోనో ప్రమాదమైతే డ్యూటీ కిందికి తీసుకుంటారు. సొంత ఖర్చుతో ప్రయాణిస్తూ రైలు దగ్గర ప్రమాదానికి గురైన మదన్ సింగ్ షెఖావత్‌కు సుప్రీంకోర్టు 1999లో పెన్షన్ ఇప్పించింది. కాబట్టి టికెట్, సెలవు సర్టిఫికెట్ పారేయకండి. సికింద్రాబాద్‌లో రైలు దిగి, ఎంజీబీఎస్‌లో కల్వకుర్తి బస్సెక్కితే ఆ బస్సు టికెట్ కూడా.

ఇల్లు చేరాక కథ మారుతుంది. పొలం దగ్గర మోటారు బాగుచేస్తూ కరెంటు షాక్ కొట్టినా, బైక్ మీద చుట్టాలింటికి పోతూ పడినా, నౌకరీతో కారణ సంబంధం చూపలేకపోతే రాదు. సెలవులో అక్క ఇంట్లో మెట్ల మీద నుంచి పడిన విజయ్ కుమార్ కేసులో 2015లో సుప్రీంకోర్టు కాదంది. ఇలాంటి కేసు మీద వకీలుకు డబ్బు పోసే ముందు రెండుసార్లు ఆలోచించండి. సెలవులో ప్రమాదమైతే మాత్రం వెంటనే దగ్గరి మిలిటరీ దవాఖానకు, యూనిట్‌కు కబురు పెట్టాలి, ఎఫ్ఐఆర్ తీసుకోవాలి. పెన్షన్ సంగతి ఎలా ఉన్నా సెలవు పొడిగింపుకు, గ్రూప్ ఇన్సూరెన్సుకు అవి కావాలి.

శాతం, రూపాయలు

కనీసం 20 శాతం ఉండాలి. రెండు మూడు జబ్బులుంటే శాతాలను కూడి పెట్టరు, కలిపి ఒక అంకె వేస్తారు, అది మొత్తం కన్నా తక్కువే ఉంటుంది. పనికిరాడని పంపేసిన మనిషికి 20 కన్నా తక్కువ రాస్తే అది పొసగదని, పంపేశారంటేనే 20 శాతానికి పైన ఉన్నట్టని 2014లో సుఖ్వీందర్ సింగ్ కేసు చెబుతోంది.

లెక్క ఇలా. 100 శాతానికి డిసేబిలిటీ ఎలిమెంట్ చివరి జీతంలో 30 శాతం. తక్కువ శాతానికి ఆ దామాషాలో. హవల్దారు బేసిక్ 40,400, మిలిటరీ సర్వీస్ పే 5,200 అనుకుంటే 45,600. దాంట్లో 30 శాతం 13,680 రూపాయలు. ఇరవై శాతమైతే 2,736. దీన్ని రౌండింగ్‌తో, అంటే బ్రాడ్ బ్యాండింగ్‌తో 50 శాతంగా లెక్కిస్తే 6,840. కరువు భత్యం దీనిపై వేరు. 20 నుంచి 50 లోపు ఉంటే 50గా, 50 నుంచి 75 వరకు 75గా, 76 నుంచి 100గా చూడటం ఆ రౌండింగ్. మొదట ఇది పంపేసినవారికే ఉండేది. గడువు పూర్తయి వచ్చినవారికీ వర్తిస్తుందని 2014 డిసెంబర్ 10న రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పాత పెన్షనర్లలో ఇంకా 20, 30 శాతం మీదే తీసుకుంటున్నవారు ఉంటే అడగాల్సింది ఇదే.

పంపేసినవారికి దీనితోపాటు సర్వీస్ ఎలిమెంట్ (సేవకు ఇచ్చే భాగం) కూడా వస్తుంది, జీతంలో సగం, ఎన్నేళ్ళ సేవ ఉన్నా. యుద్ధంలోనో శత్రువు చర్యలోనో గాయపడితే అది వార్ ఇంజురీ పెన్షన్. 100 శాతానికి, కొనసాగి గడువు పూర్తి చేసినవారికి జీతంలో 60 శాతం, పంపేసినవారికి 100 శాతం. గాయం ఏ కేటగిరీ కింద పడిందో, ఏ నుంచి ఇ వరకు, కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ కాయితంలో చూసుకోండి. మందిపాతర పేలి కాలు పోయినవాడి కాయితంలో మామూలు ప్రమాదమని 'సి' పడితే నెలకు పోయేది చిన్న మొత్తం కాదు.

'నానా' పడి, పంపేసినవారికి డిసేబిలిటీ పెన్షన్ రాకపోయినా ఇన్వాలిడ్ పెన్షన్ ఉంది. పదేళ్ళ సేవ నిండని వారికీ అది ఇస్తామని రక్షణ శాఖ 2020 జులై 16న ఉత్తర్వు ఇచ్చింది. బయటి ఉద్యోగానికి కూడా శాశ్వతంగా పనికిరాకుండా పోయి, 2019 జనవరి 4న గాని ఆ తర్వాత గాని సేవలో ఉన్నవారికి.

ఒక హద్దు గీయాలి. 2023 సెప్టెంబర్ 21 నుంచి కొత్త ఎంటైటిల్‌మెంట్ నియమాలు, వైద్యాధికారులకు కొత్త గైడ్ అమల్లోకి వచ్చాయి. ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్ అనే కొత్త పేరూ వచ్చింది. ఆ తారీఖు తర్వాత బయటికొచ్చినవారు పై రౌండింగ్ లెక్కను తమకు అలాగే అంటించుకోవద్దు. వారి కాయితాలు కొత్త నియమాల ప్రకారమే చదవాలి. అంతకు ముందువారి మీద కొత్తవి రుద్దితే ఒప్పుకోవద్దు.

ఉత్తరం, స్పర్శ్, ఇంటిపేరు

బోర్డు కాయితాలు రికార్డు ఆఫీసుకు పోతాయి. ఆర్టిలరీ వాళ్ళకు నాసిక్ రోడ్, ఈఎంఈ (మరమ్మతుల విభాగం), ఏఓసీ (ఆయుధ సామగ్రి విభాగం) వాళ్ళకు సికింద్రాబాద్‌లోనే, మద్రాస్ రెజిమెంట్‌కు వెల్లింగ్టన్, సిగ్నల్స్‌కు జబల్‌పూర్. రికార్డు ఆఫీసు ఒప్పుకుంటే ప్రయాగ్‌రాజ్‌లోని పీసీడీఏ పెన్షన్స్ ఆఫీసు నుంచి పీపీఓ వస్తుంది, డబ్బు స్పర్శ్ అనే ఆన్‌లైన్ పెన్షన్ వ్యవస్థ ద్వారా పడుతుంది. పీపీఓలో డిసేబిలిటీ ఎలిమెంట్ వరస ఉందా, శాతం ఎంత, గడువు 'జీవితాంతం' అని ఉందా చూడండి. సర్వీస్ పెన్షన్ మాత్రమే పడుతుంటే సంబరపడి ఊరుకోకుండా, రెండోదానికి మంజూరా, తిరస్కారమా ఏదో ఒక కాయితం అడగండి.

ఇక్కడ మన ప్రాంతానికే ప్రత్యేకమైన చిక్కు రెండు విధాలు. ఫౌజు రికార్డులో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, భార్య ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది. ఇవి కలవకపోతే స్పర్శ్‌లో వివరాల ధ్రువీకరణ దగ్గరే ఆగిపోతుంది. సేవలో ఉండగానే పార్ట్-2 ఆర్డరుతో (సర్వీసు రికార్డులో మార్పును నమోదు చేసే ఉత్తర్వు) సరిచేయించుకోవడం సులువు, బయటికొచ్చాక అఫిడవిట్లు, తిరుగుళ్ళు. రెండోది చిరునామా. 2014కు ముందు చేరినవారి కాయితాల్లో రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. 2016 అక్టోబర్ 11న జిల్లాలు చీలాక సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వచ్చాయి, 2019లో నారాయణపేట. రికార్డులో మాత్రం నల్లగొండ, మహబూబ్‌నగర్ అనే ఉంటాయి. తిరస్కార ఉత్తరం పాత చిరునామాకు పోయి తిరిగి వెళ్తే, అప్పీలు గడువు మీకు తెలియకుండానే కరిగిపోతుంది. సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేసుకుని, పిన్‌కోడ్‌తో సహా చిరునామా మార్పును రికార్డు ఆఫీసుకు రాతపూర్వకంగా పంపండి.

కాదంటే

తిరస్కారం అందిన ఆరు నెలల్లోగా మొదటి అప్పీలు, రికార్డు ఆఫీసు ద్వారా. అదీ కాదంటే మరో ఆరు నెలల్లో రెండో అప్పీలు. అప్పీలుకు ముందు ఫారం 16 పూర్తి నకలు చేతిలో ఉండాలి. లేకపోతే పది రూపాయల పోస్టల్ ఆర్డరుతో సమాచార హక్కు దరఖాస్తు, సైనికుడి సంతకంతోనే. జవాబుకు గడువు 30 రోజులు. అప్పీలు రెండు పేజీలు దాటకూడదు. బోర్డు రాసిన కారణాన్ని యథాతథంగా రాసి, దాని కింద మీ కాయితం ఏమంటోందో రాయండి. 'ఇరవై ఏళ్ళు దేశసేవ చేశాను' అన్న మాట గౌరవమైనదే గాని అప్పీలు చూసే కమిటీకి అక్కర్లేదు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి.

శాతం తగ్గించారని అనుకుంటేనో, జబ్బు ముదిరితేనో రీ-సర్వే బోర్డు అడగవచ్చు. దానికి మిలిటరీ దవాఖానకు వెళ్ళాలి. జిల్లా దవాఖాన సదరం క్యాంపులో ఇచ్చిన శాతం ఇక్కడ చెల్లదు. సదరం బస్సు పాసుకు, వికలాంగుల పింఛనుకు. దాని కొలతలు వేరు.

అప్పీళ్ళు అయిపోతేనో, అప్పీలు పెట్టి ఆరు నెలలైనా ఉలుకూ పలుకూ లేకపోతేనో ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్. తెలంగాణ చెన్నై బెంచ్ కిందికి వస్తుంది. వకీలు లేకుండా స్వయంగానూ వాదించుకోవచ్చు. ఎన్నేళ్ళు ఆలస్యమైనా పెన్షన్ నెలనెలా పుట్టే హక్కు కాబట్టి కేసు వేయవచ్చు, కాని బకాయిలు కేసు వేసిన తారీఖుకు ముందు మూడేళ్ళకే దక్కుతాయని 2008 నాటి తర్సేమ్ సింగ్ తీర్పు. పదేళ్ళు ఊరికే కూర్చుంటే ఏడేళ్ళ డబ్బు పోయినట్టే. పెన్షన్ లేకుండా వెళ్ళినవారి సర్వీసు కాయితాలను 25 ఏళ్ళ తర్వాత నాశనం చేస్తారు, అది ఇంకో గడియారం. బకాయిల్లో సగం వాటా అడిగే దళారీలు తిరుగుతుంటారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ముందు అడగండి. సైనిక కుటుంబాల కోసం 2025 జులైలో జాతీయ న్యాయ సేవాధికార సంస్థ (నాల్సా) వీర్ పరివార్ సహాయతా యోజన మొదలుపెట్టింది.

అగ్నివీరులకు ఈ పెన్షన్ లేదు. నౌకరీ వల్ల వచ్చిన వైకల్యానికి 100, 75, 50 శాతాల మెట్లలో 44 లక్షలు, 25 లక్షలు, 15 లక్షల రూపాయలు ఒకేసారి ఇస్తారు. నౌకరీతో సంబంధమన్న ప్రశ్న వారికీ అదే, ఇంజురీ రిపోర్టూ అదే. సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్ జవాన్లకు ఈ నియమాలు వర్తించవు. వారిది కేంద్ర సివిల్ సర్వీసుల ఎక్స్‌ట్రార్డినరీ పెన్షన్ నియమాల దారి, ట్రిబ్యునల్ కాక హైకోర్టు. ఊళ్ళో ఇద్దరూ యూనిఫాంలోనే ఉంటారు గనుక ఒకరి ఫారం ఇంకొకరు పట్టుకుని తిరగడం జరుగుతూనే ఉంటుంది.